తీసేసినావా, మైకప్పా?

నాకంటే ముందు నా గొంతు కృష్ణగిరి చేరింది.

పోయిన నెలలో ఒక మంగళవారం, జల్లెళ్ళకు తీగ కొందామని కృష్ణగిరి బస్టాండులో దిగినాను. దిగీ దిగకముందే నేను మాట్లాడుతా ఉన్నాను. నోరు మూసుకునే ఉంది, పండ్ల మధ్య వక్క కూడా ఉంది, అయినా మాట్లాడుతా ఉన్నాను. "రండమ్మా రండి! అటక మీద ఎలకలా? బియ్యం మూటలో ఎలకలా? అత్త మాట వినని ఎలక కూడా మన మందు మాట వింటుంది!" ఎవడో మోటారుసైకిలు వెనక పెట్టె కట్టి, పెట్టె మీద మైకు కట్టి, మైకులో నన్ను కట్టేసి పెట్టినాడు. పదేండ్ల నాటి నా గొంతు. ముందు పండ్లు రెండూ ఉన్నప్పటి గొంతు, అందుకే ఈల లేకుండా కంచుగంట మాదిరి మోగుతా ఉంది.

మొదట నవ్వొచ్చింది. సచ్చినాక మనిషికి పేరు మిగులుతుందంటారు, నాకు బతికుండంగానే గొంతు మిగిలిందే అనుకొని మీసం దువ్వుకున్నాను. చెయ్యి మీసం మీద ఉండంగానే ఆ మాట వచ్చింది.

"పిల్లి తిన్నా ఏమీ కాదమ్మా! పిల్లికి ఏమీ కాదు, ఎలకకు ఏమీ మిగలదు!"

ఒళ్ళు భగ్గుమంది. తీగ మరిచిపోయినాను. ఆ మాట తీసేసినానని, అన్ని చోట్లా తీసేసినానని, ఒకామె చేతిలో చెయ్యేసి చెప్పినాను నేను. ఆమె పోయి రెండేండ్లయింది. ఆమెకు చెప్పిన అబద్ధం పట్టపగలు బస్టాండులో నిలబడి, మూడు భాషల్లో, నా గొంతుతోనే అరుస్తా ఉంది.

ఆమె పేరు రాయను. సంతలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే "నా పేరేమన్నా నీ ఇంటి గొడ్డు పేరా, అట్ల అరుస్తావు?" అనేది. అందుకని అందరికీ అక్కే. ఇరవై ఏండ్ల కోడండ్లకూ అక్క, ఎనభై ఏండ్ల ముసలప్పలకూ అక్క.

ఆవుల బేరాలకు పేరుపడిన కుందారపల్లి శుక్రవారం సంతలో మా ఇద్దరివీ పక్కపక్క తావులు. నేను ఎలకబోన్లు, జల్లెళ్ళు, ఎలకల మందు అమ్మేవాణ్ణి. ఆమె కరవాడు అమ్మేది, అంటే ఎండుచేపలు. ఆ వాసనకు ఎవరూ ఆమె పక్కన కూసోరు. నాకు మైకప్ప అని పేరు తెచ్చిన మైకు గోలకు ఎవరూ నా పక్కన కూసోరు. ఎవరికీ పనికిరాని ఇద్దరం అట్ల జతపడినాం.

చీర మీద మొగోళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకొనేది, పొలం పనికి పోయే ఆడోళ్ళ మాదిరి. చేతిలో ఎప్పుడూ ఒక పొడుగాటి ఎండుచేప ఉండేది. మూరెడు పొడుగు, కర్రంత గట్టి. దాన్ని ఎప్పుడూ అమ్మలేదు. ఎవరైనా అడిగితే "ఇది తినేది కాదు, తిట్టేది" అనేది. దారి చూపేది దాంతోనే, కుక్కను తోలేది దాంతోనే, నా మైకు మీద టప్పుమని కొట్టేదీ దాంతోనే. ఆ దెబ్బలకు నా మైకు కూడా కొన్ని దినాలు కరవాడు వాసన వేసేది. దూరంనుంచి నా మాట వింటేనే జనానికి ఆకలయ్యేదని చెప్తే మీరు నమ్మరు. నమ్మొద్దులెండి.

లోకంలో కరవాడు అమ్మేవాళ్ళు పిల్లిని చూస్తే కర్ర తీస్తారు. ఈమె గోనెసంచిలో పిల్లిపిల్లల్ని పెట్టుకొని సంతకు వచ్చేది. చుట్టుపక్కల పల్లెల్లో యాడ పిల్లి పిల్లలు పెట్టినా, వద్దనుకున్నవాటిని తెచ్చి ఈమె వాకిట్లో వదిలిపోయేవాళ్ళు. చేపలమ్మే ఇల్లు కదా, అవే బతుకుతాయిలే అని. ఆమె వాటిని సాకి, కండ్లు తెరిచి కూడు తినే వయసు వచ్చినాక సంతలో అడిగినవాళ్ళకు ఊరికే ఇచ్చేది. ఊరికే ఇచ్చేదేగానీ ఊరికే ఇవ్వదు. ముందు పిల్లను తీసి అడిగినవాళ్ళ ఒళ్ళో పెడుతుంది. తర్వాత తాను రోడ్డు పక్కకు తిరిగి, తమలపాకు నోట్లో వేసుకొని, లారీలు చూస్తా నములుతుంది. ఆకు అయిపోయేవరకూ తిరిగి చూడదు. అంతసేపూ పిల్ల ఒళ్ళోనే ఉంటే అది వాళ్ళది. దిగిపోతే మళ్ళా సంచిలోకి.

ఆ ఆకు నమిలేలోపల ఒక మాట మాత్రం అడగకూడదు. అడగని మనిషి లేడు.

"ఇది మొగదా, ఆడదా అక్కా?"

అంతే. నమిలేది నిలిచిపోతుంది. ఎండుచేప పైకి లేస్తుంది. "పిల్లిని అడిగినావా, మొగుణ్ణి అడిగినావా?" అడిగింది మొగోడైతే "పెండ్లాన్ని అడిగినావా?" అంటుంది. "ఇంట్లో ఎలకలు ఎన్ని ఉన్నాయి, చెప్పలేవు. దానికి కూడు ఎవరు పెడతారు, చెప్పలేవు. తోక ఎత్తి చూసేదానికి మాత్రం వచ్చేస్తావు. పో!"

ఒకసారి హోసూరు నుంచి మొగుడూ పెండ్లాం కార్లో వచ్చినారు. ఇద్దరివీ కంపెనీ ఉద్యోగాలు, అపార్ట్‌మెంటు కాపురం. అతను ఫోను చేత్తో పట్టుకునే దిగినాడు. అందులో మొగపిల్లులు ఎట్లుంటాయి, ఆడపిల్లులు ఎట్లుంటాయి అని పెద్ద పట్టీ ఉంది. మొగది ప్రేమగా ఉంటుందంట, ఒళ్ళో పండుకుంటుందంట. ఆడదానికి పొగరంట, దగ్గరికి రాదంట. పాపం మంచోడే. ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు అతనిది, ఆఫీసులో నేర్చుకున్న తెలుగు. పిల్లిపిల్ల అనే తావ నాలుక మడతపడి, "అమ్మా, మాకు ఆడపిల్ల వద్దు. మొగపిల్లే కావాలి. ఆడపిల్ల అయితే తర్వాత తలనొప్పి" అనేసినాడు.

అక్క లేచి నిలబడింది.

"ఏమంటివి?"

"ఆడపిల్ల వద్దు అన్నాను అమ్మా. మొగపిల్ల ఉంటే ఇవ్వండి."

"రండప్పా! అందరూ రండి! ఈయప్పకు ఆడపిల్ల వద్దంట! తలనొప్పంట! ఏమప్పా, నిన్ను కనింది మొగపిల్లనా? నీ పక్కన నిలబడిందే, ఈమె ఏం పిల్ల?"

"అయ్యో, అది కాదమ్మా, నేను చెప్పింది పిల్లి... పిల్లి పిల్ల... పిల్లి..."

అతని పెండ్లానికి నవ్వు ఆగలేదు. "చెప్పండి, నేనేం పిల్లనో చెప్పండి" అని ఆమె కూడా నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ఇట్లాంటి తావ నేను ఊరుకుంటానా? మైకు తీసుకొని "రండమ్మా రండి! హోసూరయ్యకు ఆడపిల్ల వద్దంట, ఎలకను ఇద్దామా?" అన్నాను. ఆవుల బేరం వదిలేసి జనం ఇటు మళ్ళినారు.

అక్కకు అతను చెప్పింది పిల్లి సంగతేనని మొదటి మాటకే తెలుసు. తెలిసే చేసింది. అంత కోపంలో కూడా మొహం చూస్తే నాటకం కాదనిపించేది. అది నాటకం కాదు కూడా. చివరకు సంచిలోనుంచి ఒక బూడిదరంగు పిల్లను తీసి అతని చేతిలో పెట్టి, రోడ్డు పక్కకు తిరిగి నమిలింది. ఆ పిల్ల చొక్కా పట్టుకొని పాకి, ఫోను పెట్టుకునే జేబులో తలదూర్చి నిద్రపోయింది. అతను ఊపిరి కూడా మెల్లగా పీల్చినాడు. ఇంగ ఏమీ అడగలేదు.

పోయేటప్పుడు అక్క మెత్తబడి చెప్పింది. "ఆరు నెలలకు డాక్టర్ తావ ఆపరేషన్ చేయించండి. చేయిస్తే మొగదీ ఆడదీ ఒకే మూల పండుకుంటాయి. ఆ ఫోన్లో పట్టీ అప్పుడు ఎవరికి చదివి చెప్తావో నీ ఇష్టం."

అయితే తేడానే లేదా అని నేను ఒకసారి అడిగినాను. వాన పడతా ఉంది, నా టార్పాలిన్ కింద ఇద్దరం ముడుచుకొని ఉన్నాం. కొట్టేదానికి చేప అందుబాటులో లేదని చూసుకునే అడిగినాను.

"ఎందుకు లేదు?" అనింది. "మొగది ఏడాది నీ ఒళ్ళోనే. తర్వాత ఏడు వీధులు దానివే. వాకిలి తలుపు మీద ఉచ్చ పోసి పేరు రాసిపెట్టి పోతుంది. మూడో దినం చెవి చింపుకొని వచ్చి, కూడు పెట్టమంటుంది, సుట్టం మాదిరి. సోంబేరి నాయాలు. అయినా వచ్చి కాళ్ళకు చుట్టుకుందా, ఆ పొద్దు నువ్వే మహారాణివి. ఆడది అట్ల ఒళ్ళో పడదు. ఇంట్లో ఒకరినే ఎంచుకుంటుంది. మూల కూసోని ఆ ఒకరినే చూస్తా ఉంటుంది. ఒకదినం ఎలకను తెచ్చి నీ ముందర పెడుతుంది. ఏమిటికో తెలుసా?"

"ప్రేమ అక్కా."

"ప్రేమా లేదు గీమా లేదు. నీకు వేట చేతకాదని. పస్తుంటావని దాని భయం."

"ఇంత తెలిసినదానివి, అడిగినవాళ్ళకు చెప్పొచ్చు కదా?"

"తెలుసుకోవాలని ఎవరూ అడగరు మైకప్పా. వద్దనేదానికి అడుగుతారు." సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. "సంత అయినాక ఇందులో మిగిలేవి చూసినావా ఎప్పుడైనా? అన్నీ ఆడవే. గోనెలో కట్టి రోడ్డు పక్కన పారేస్తారే, అవీ ఆడవే. ఏమనుకొని పారేస్తారు? పిల్లలు పెడతాయని! పిల్లలు పెట్టకపోతే వాళ్ళ ఇంటికి పిల్లి ఆకాశంనుంచి పడుతుందా?"

ఆ కోపం అప్పుడు నాకు తమాషాగా ఉండేది. ఎట్ల తిక్క రేపుదామా అని శుక్రవారం కోసం చూసేవాణ్ణి. ఆ తమాషాలోనే తప్పు చేసినాను.

కుందారపల్లికి రవంత దూరంలో ఒక రైతు ఉన్నాడు. మామిడి తోటలు, కాయలు మాగబెట్టే పెద్ద షెడ్డు, షెడ్డు నిండా గడ్డి. గడ్డి నిండా ఎలకలు. ఆ ఎలకలు ఎంత బలిసినవంటే, కాయ తినేముందు నొక్కి చూసి, పచ్చిదైతే పక్కన పెట్టేవి. ఆయన సంతకు వచ్చి అక్క ముందర కూసున్నాడు. సంచిలో ఆ పొద్దు ఉండింది ఒకటే పిల్ల. నలుపు, తెలుపు, ఎర్రమట్టి, మూడు రంగులు. మూడు రంగులున్న పిల్లి ఆడదేనని అక్కకు తెలుసు. రైతుకు తెలియదు. నాకూ తెలియదు.

"గండుపిల్లి అయితేనే ఇయ్యమ్మా. ఆడది వద్దు. ఏడాదికి మూడుసార్లు పిల్లలు పెట్టి షెడ్డంతా నింపుతుంది" అన్నాడాయన.

చేప పైకి లేచేలోపల నేను దూరినాను. "గండేనన్నా! అనుమానం ఏమిటికి? మీసాలు చూడు!"

ఆయన వంగి చూసినాడు. ఉన్నాయి. ఆరున్నాయి ఒకపక్క, ఏడు ఒకపక్క. నలభై ఏండ్లు వ్యవసాయం చేసిన మనిషి, గొడ్డు పండ్లు చూసి వయసు చెప్పే మనిషి, పిల్లి మీసాలు చూసి తల ఊపినాడు. అక్క నా పక్క చూసిన చూపుకు నా జల్లెళ్ళకు కొత్త బొక్కలు పడుండాల. కానీ ఆ పిల్ల అప్పటికే ఆయన తువ్వాలులో చుట్టుకొని పండుకుంది. ఆకు అయిపోయింది. ఆమె చేపను తట్టలో పెట్టేసింది.

అంతటితో ఆగుంటే బాగుండును. ఆగితే నేను మైకప్పను ఎట్లవుతాను? "అన్నా, పిల్లి పెద్దదయ్యేలోపల ఎలకలు నీ షెడ్డు రాయించుకుంటాయి. ఈ మందు కూడా తీసుకొనిపో" అని పది పొట్లాలు ఆయన సంచిలో వేసినాను.

"ఒక ఇంటికి రెండూ పంపొద్దప్పా" అనింది అక్క. "పిల్లి పోయిన ఇంటికి మందు పోకూడదు. మందు తిన్న ఎలకను పిల్లి తింటుంది."

"పిల్లికి ఏమీ కాదక్కా. దానికి అది టానిక్కు."

"ఎవరు చెప్పినారు?"

నేను మైకు వైపు చెయ్యి చూపించినాను. మైకు చెప్తా ఉంది. పిల్లికి ఏమీ కాదు, ఎలకకు ఏమీ మిగలదు. సంత మొత్తం నవ్వేది ఆ మాటకే. శూలగిరిలో ఒక మొబైల్ అంగట్లో కూసోని, తెలుగూ తమిళమూ కన్నడమూ మూడింట్లోనూ నేనే చెప్పి రికార్డు చేయించిన మాట అది. అది నిజమా కాదా అని నేనెప్పుడూ అనుకోలేదు. బాగుంది, అంతే.

అక్క చేపతో మైకును కొట్టలేదు ఆ పొద్దు. "ఆ ఒక్క మాట తీసేయ్ మైకప్పా. మిగిలిన నీ అబద్ధాలన్నీ చెప్పుకో. ఎలకలు బస్సెక్కి పారిపోయినాయని చెప్పుకో. అది ఒకటి తీసేయ్" అనింది.

"వచ్చే వారం తీసేస్తానక్కా."

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆమె తట్ట దించకముందే అడిగేది. "తీసేసినావా?" వచ్చే వారం అక్కా. "తీసేసినావా?" మొబైల్ అంగడప్ప ఊర్లో లేడక్కా. "తీసేసినావా?" మా బామ్మర్ది పెండ్లి వచ్చిందక్కా. నిజం చెప్పాలంటే అరగంట పని. కానీ ఆ మాట తీస్తే వెనక నవ్వు పడదు. ఒక నవ్వు కోసం, మీరు వింటున్నారా, ఒక్క నవ్వు కోసం నేను ఆ మాటను అట్లే పెట్టుకున్నాను.

ఏడాది తిరిగింది. రైతు ఒక శుక్రవారం ఊగిపోతా వచ్చినాడు. "ఏమయ్యా మైకు! నీ గండుపిల్లి ఐదు పిల్లల్ని పెట్టింది!"

"మీ నీళ్ళ మహిమన్నా" అన్నాను. "ఈ పొద్దు పిల్లి. రేపు మీ గండుమేక పాలిచ్చినా ఆశ్చర్యపోవద్దు."

ఆయనకు కోపం నిలవలేదు, నవ్వేసినాడు. ఐదింట్నీ ఉంచుకుంటానన్నాడు. దినాము పొద్దున ఆ తల్లి పిల్లి ఒక ఎలకను తెచ్చి తన చెప్పుల మీద పెడుతుందని, చెప్పులు వేసుకునేముందు తాను దానికి దండం పెట్టాల్సి వస్తుందని చెప్పుకుంటా పోయినాడు. అక్క ఆ పొద్దు నవ్వింది. పిల్లులిచ్చిన ఇండ్లకు అప్పుడప్పుడు చేప తలకాయలు మూటగట్టుకొని పోయి చూసొచ్చేది ఆమె. ఆ ఇంటికి వారం వారం పోయింది.

మామిడి కాపు మొదలయ్యే ముందర ఒక శుక్రవారం ఆమె ఆలస్యంగా వచ్చింది. నెత్తిన చేపల తట్ట లేదు. మామిడికాయలు పెట్టే ప్లాస్టిక్ పెట్టె ఉంది, మీద ఒక గుడ్డ. ఇంకో చేతిలో మూడు రంగుల పిల్లి. వెనకనే రైతు, తల వంచుకొని.

పెట్టెను తెచ్చి నా పొట్లాల మీద పెట్టింది. గుడ్డ తీసింది. గడ్డిలో ఐదు పిల్లలూ కదలకుండా వరసగా ఉన్నాయి.

రైతు మాట్లాడినాడు. "కాయలు వస్తాయని ముందే షెడ్డు మూలల్లో పెట్టినానప్పా. ఏడాదిగా అట్లే పడుండింది నీ మందు. పిల్లికి ఏమీ కాదంటివి కదా. నువ్వు చెప్పినావని పెట్టినా."

నేను పెట్టెనే చూస్తా ఉన్నాను. మైకులో నేను మాత్రం మాట్లాడుతానే ఉన్నాను.

అక్క అరవలేదు. హోసూరయ్య మీద అరిచిన నోరు, ఆవుల వ్యాపారుల మీద అరిచిన నోరు, ఆ దినం అరవలేదు. నాకొక్కనికే వినపడేంత మెల్లగా చెప్పింది. "గండుపిల్లి అయ్యుంటే ఎలక దొరికిన తావనే తినేసి, అదొక్కటే పోయుండును. ఇది ఆడది కదప్పా. మత్తుగా తిరిగే ఎలకను పట్టుకొని, ఒక్క ముక్క కూడా తాను తినకుండా, తెచ్చి పిల్లలకు పెట్టింది. నీ మందు దీన్ని ఏమీ చెయ్యలేదు. నిజమే చెప్పినావు నువ్వు. పిల్లికి ఏమీ కాలేదు. చూడు."

పిల్లి ఆమె చేతిలోనుంచి పెట్టెలోకి దిగింది. ఒక్కొక్కదాన్నీ నాకింది. నాకి, పక్కకు ఒరిగి, పాలకు పొట్ట ఇచ్చింది.

"తీసేసినావా?" అనింది అక్క.

నేను వైరు పీకినాను. అంత గట్టిగా పీకినానంటే బ్యాటరీ కింద పడి పగిలింది. ఆ పొద్దునుంచి మందు ముట్టలేదు. బోన్లు, జల్లెళ్ళు, అంతే. గొంతు కావాలంటే సొంత గొంతు.

ఆమె క్షమించిందనుకున్నారా? వచ్చే శుక్రవారం తట్ట దించకముందే అడిగింది. "తీసేసినావా?" తీసేసినానక్కా. మళ్ళా శుక్రవారం అదే. నేను మందే అమ్మేది లేదు, మైకే లేదు, కండ్లెదురుగా కనబడతా ఉంది, అయినా అడిగింది. మూడో వారం ఇంకో మాట కలిపింది.

"అన్ని చోట్లా?"

అది ఆమెకు ఎట్ల తెలుసో! ఆ రికార్డింగు నా ఒక్కని తావనే పెట్టుకోలేదు. బాగుందని మెచ్చుకున్న ప్రతివానికీ, సంతల్లో మందు అమ్మే నలుగురైదుగురికి, పెన్‌డ్రైవుల్లో పెట్టి ఇచ్చినాను. గొప్ప కోసం. ఒకనికి ఫోన్ చేసినాను, నవ్వి పెట్టేసినాడు. ఇంకొకని కోసం తళి అనే ఊరికి పోయినాను. ఇంట్లో లేడు. చలిగా ఉంది, టీ తాగి తిరిగి వచ్చేసినాను. ఆ శుక్రవారం అక్కకు చెప్పినాను, అన్ని చోట్లా తీసేసినానని.

చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపింది. చేపల వాసన వేసే ఆ చేతిలో నేను చెయ్యేసినాను.

ఎలకలు బస్సెక్కినాయంటే నమ్మలేదు. మందు టానిక్కంటే నమ్మలేదు. నా బతుకులో చెప్పిన అబద్ధాలన్నింట్లో ఆమె నమ్మింది అదొక్కటే. ఇంగ ఎప్పుడూ అడగలేదు. అడుగుతానే ఉండుంటే ఏదో ఒక దినం సిగ్గేసి పోయుందును. నమ్మేసింది. దొంగముండాకొడుకును నేను, హాయిగా జల్లెళ్ళు అమ్ముకున్నాను.

రెండేండ్ల కిందట వానాకాలంలో ఒక శుక్రవారం ఆమె తావులో ప్లాస్టిక్ కుర్చీలు అమ్మేవాడు కూసోని ఉన్నాడు. "ఆయమ్మ జ్వరంతో పోయిందంట కదప్పా, ఖాళీగా ఉందని నేను పరుచుకున్నా" అన్నాడు. సంచిలో ఉన్న పిల్లలను ఎవరెవరో తీసుకుపోయినారంట. అప్పటినుంచి అక్క తావనే ఉన్న మూడు రంగుల పిల్లిని రైతు వచ్చి తువ్వాలులో చుట్టుకొని పోయినాడంట. ఎండుచేప ఏమయిందో తెలియదు. ఇప్పటికీ ఆ తావు వాసన వేస్తుంది. కుర్చీలు కొన్నవాళ్ళ ఇండ్లకు పిల్లులు వస్తాయని కుర్చీలతను నన్ను అడుగుతాడు, నువ్వేమైనా పుకారు లేపినావా అని. లేపినాను.

కృష్ణగిరి బస్టాండులో నేను ఆ మోటారుసైకిలు తావకు పరిగెత్తినట్టే పోయినాను.

"నిలిపేయ్! ఆ మాట తీసేయ్!"

మందు అమ్మేవానికి ముప్పై దాటుంటాయి. "ఏ మాటప్పా?"

"పిల్లికి ఏమీ కాదనే మాట. అది అబద్ధం. అది నా గొంతు, నేనే చెప్పిన అబద్ధం."

వాడు నన్ను కిందనుంచి పైకి చూసినాడు. "నీ గొంతా? ఇది బెంగళూరు పెద్ద డాక్టర్ గొంతప్పా. ఎలకల మీద చదువుకున్న ఆయప్ప. ఎలకలకు మందు పెట్టి పెట్టి, ఆఖరికి ఎలక కరిచే సచ్చిపోయినాడంట."

నా గురించి నాకే అబద్ధం చెప్తా ఉన్నాడు, అదీ నాకంటే బాగా! ఇంకో పొద్దయితే వాణ్ణి శిష్యునిగా పెట్టుకుందును. ఆ పొద్దు కాలర్ పట్టుకోబోయినాను. పట్టుకోలేక గొంతెత్తి అరిచినాను. "నమ్మకండమ్మా! పిల్లికి చావు! ఇంట్లో పిల్లి ఉంటే ఈ మందు కొనకండి!" మైకులో "పిల్లికి ఏమీ కాదమ్మా" అంటా ఉంది. నేను "అబద్ధమమ్మా" అంటా ఉన్నాను. అది తమిళంలో "పూనైక్కు ఒణ్ణుం ఆగాదు" అనింది, నేనూ తమిళంలో అరిచినాను. అది కన్నడంలోకి దిగింది, నేనూ దిగినాను. ఒకే గొంతు రెండు నోళ్ళతో తగవులాడుతా ఉంటే జనం గుమిగూడినారు. చప్పట్లు కొట్టినారు. ఇది కొత్త రకం వ్యాపారం అనుకున్నారు. వాని మందు ఆ అరగంటలో పోయినంత ఎప్పుడూ పోయుండదు. నా కోపం కూడా వానికి బేరం తెచ్చిపెట్టింది. కండ్లలో నీళ్ళు తిరిగినాయి, అవి కోపం నీళ్ళే.

అప్పుడు సంచి చంకన పెట్టుకున్న ఒకామె, పొట్లం చేతిలో పట్టుకొని నా తావకు వచ్చింది. "అప్పా, నిజంగానే అడుగుతా. మా ఇంట్లో పిల్లి ఉంది. ఏ గొంతు నమ్మాల?"

నా నోటినుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"మొగదా, ఆడదా?"

అనేసినాక నా చెవి పక్కన ఎండుచేప టప్పుమని పడినట్టయింది. అయినా ఆయమ్మ చెప్పింది. "ఆడదప్పా. పిల్లలు పెట్టింది. కండ్లు ఇప్పుడే తెరిచినాయి."

"మొగది దొరికిన తావనే తింటుందమ్మా. ఆడది ఇంటికి తెస్తుంది" అన్నాను. ఆమె చేతిలో పొట్లం వైపు వేలు చూపించినాను.

ఆయమ్మ పొట్లాన్ని తిప్పి చూసింది. తర్వాత పోయి పొట్లాన్ని పెట్టె మీద పెట్టేసి, బస్సెక్కింది. ఒక్క పొట్లం. అంత జనంలో వెనక్కి వచ్చింది ఒక్క పొట్లం.

జనం పల్చబడినాక నేను మళ్ళా వాని ముందర నిలబడినాను. కదలనని వానికి అర్థమయింది. విసుగ్గా చెయ్యి ఊపినాడు.

"సరేప్పా, పో. వచ్చే వారం తీసేస్తాలే."

వచ్చే వారం. ఆ మాట బరువు నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఇప్పుడు ప్రతి మంగళవారం నేను కృష్ణగిరి బస్సెక్కుతా ఉన్నాను. నాలుగు వారాలయింది. దూరంనుంచి నా గొంతు వినపడతానే ఉంది. దిగి, నేరుగా ఆ మోటారుసైకిలు తావకు పోయి, సంచి కింద పెట్టకముందే అడుగుతాను.

"తీసేసినావా?"